గైడు జవాబు కాస్త తిప్పి అడిగితే చాలు, పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. టెన్త్ ఇంగ్లిష్ ప్రశ్నలు ఎలా ప్రాక్టీసు చేయించాలి?

గాజువాక ట్యూషన్ మేడం:

నమస్తే అండి. నేను బీఎస్సీ లెక్కల మనిషిని. సాయంత్రాలు మా వీధిగదిలో తొమ్మిది, పది చదివే పిల్లలకి లెక్కలు, సైన్సు చెప్తుంటాను. ఈ ఏడాది వాళ్ళ ఇళ్ళల్లో "ఇంగ్లిష్ కూడా మీరే చూసేయండి మేడం, దానికోసం ఇంకో చోటికి పంపలేం" అని పట్టుబట్టారు. వీళ్ళ నాన్నల్లో ఎక్కువమంది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్ళు, ఒకరిద్దరు షిప్‌యార్డు. ఇంకో ఫీజు కట్టమని నోరు తెరిచి చెప్పలేను కదా, సరే అన్నాను.

పిల్లల్లో చాలామంది జెడ్పీ హైస్కూలు, స్టేట్ సిలబస్. కొద్దిమంది సీబీఎస్‌ఈ. 2024-25 నుంచి మన టెన్త్‌కి కూడా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే పెట్టారు కాబట్టి అందరి సంచీల్లోనూ అవే 'ఫస్ట్ ఫ్లైట్', 'ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్'. పాఠాలు ఒకటే, పేపర్లు మాత్రం వేరు.

నా బాధ ఇది. గైడులో ఉన్న ప్రశ్న ఉన్నట్టు అడిగితే గడగడా రాసేస్తారు. 'ఎ లెటర్ టు గాడ్' పాఠం ఉంది కదా, పంట పోయిన రైతు లెంచో డబ్బు కావాలని దేవుడికి ఉత్తరం రాస్తాడు, పోస్టాఫీసువాళ్ళు పోగుచేసి దేవుడి పేరుతో పంపితే, తక్కువైన డబ్బు వాళ్ళే కాజేశారని రెండో ఉత్తరం రాస్తాడు. లెంచోకి కోపం ఎందుకు వచ్చింది అంటే ఐదు లైన్లు, ఒక్క స్పెల్లింగు తప్పు ఉండదు. మొన్న స్లిప్ టెస్టులో అదే పాఠం మీద, లెంచో రెండో ఉత్తరం చదివిన రాత్రి పోస్టుమాస్టరు డైరీలో ఏం రాసుకుని ఉంటాడు అని ఇచ్చాను. ఒకడు పైన 'డియర్ డైరీ' అని పెట్టి, కింద అదే ఐదు లైన్ల గైడు జవాబు దించేశాడు. చివర 'గుడ్ నైట్' కూడా పెట్టాడు. మిగతావాళ్ళు కథంతా మొదట్నుంచి చెప్పుకొచ్చారు.

పాఠంలో లేని, ముందు చూడని పేరా ఇస్తే ఇంకో రకం. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసేస్తారు. సగం సార్లు అది జవాబే కాదు. గ్రామరు చూస్తే, రిపోర్టెడ్ స్పీచ్ వర్క్‌షీట్ ఇచ్చినరోజు అన్నీ కరెక్టే, ప్యాసివ్ వాయిస్ ఇచ్చినరోజు అన్నీ కరెక్టే. రెండూ కలిపి ఇచ్చిన రోజు ఏది ఏదో తెలియదు.

నాకు రోజూ ఇంగ్లిష్‌కి దొరికేది గంట. అందులో ఏం చేయించాలి? పాఠం తెలుగులో చెప్తే తప్పా? నా ఇంగ్లిష్ చదవడానికి, రాయడానికి పర్వాలేదు, మాట్లాడటం అంతంతమాత్రం. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


ఇంటర్ ఫస్టియర్, గోపాలపట్నం:

అక్కా, నేను పోయిన మార్చిలోనే రాశాను, స్టేట్. పాత పేపర్లు, మోడల్ పేపర్లు టైము పెట్టి రాయించేయండి, అంతే. మాకు పొద్దున్న 9:30 నుంచి 12:45 వరకు. మొదట్లో పేపరు మొత్తం చదువుకోమన్న టైములో చాలామంది పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంటారు. ఆ టైములోనే నేను ఏ లెటరు రాయాలి, ఏ డైరీ రాయాలి తేల్చేసుకున్నాను. బిట్లు ముందు రాసేస్తే ధైర్యం వస్తుంది. చేతిరాత బాగుండాలి. మార్జిన్ గీయించండి. డైరీ అంటే పైన తేదీ, టైము మర్చిపోవద్దని చెప్పండి, ఊరికే వచ్చే మార్కు అది.


రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు, కంచరపాలెం:

అమ్మా, ఇంటర్ అబ్బాయి చెప్పింది నిజమే గానీ, అది సంక్రాంతి తర్వాత చేయాల్సిన పని. ఇప్పట్నుంచే పాత పేపర్లలో దింపితే పిల్లలు ఆ జవాబుల్ని కూడా గైడు జవాబుల్లాగే మింగేస్తారు. మీకు మళ్ళీ అదే 'డియర్ డైరీ' ఎదురొస్తుంది.

నేను సర్కారు బళ్ళలో స్కూల్ అసిస్టెంటుగా ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఎన్నో పద్ధతులు వచ్చాయి, పోయాయి, ట్రైనింగుల్లో చార్టులు రాయించారు. నాకు చివరికి నమ్మకం మిగిలింది ఒక్కదాని మీదే. ప్రశ్నలు మీరు వేయకండి, పిల్లల చేత వేయించండి. పుస్తకం తెరిచే ఉంచి వేయించండి. జవాబు రాయడం ఆ తర్వాతి సంగతి.

మీరు చెప్పిన లెంచో కథే తీసుకుందాం. ఒక పేజీ చదివాక ఒక్కొక్కరూ రెండు ప్రశ్నలు తయారు చేయాలి, పక్కవాడికి ఇవ్వాలి. మొదటి వారం అందరూ వేసేది ఒకే రకం. లెంచో దేవుణ్ణి ఎంత అడిగాడు? వంద పెసోలు. వచ్చింది ఎంత? డెబ్బై. పుస్తకంలో వేలు పెట్టి చూపించగల ప్రశ్నలు. పర్వాలేదు, వేయనివ్వండి. చూపుడువేలు లైను మీద పెట్టి "ఇదిగో ఇక్కడుంది" అనడం అలవాటు కావాలి. చూడని పేరాకి కూడా ఇదే పునాది.

తర్వాత ఒక షరతు పెట్టండి: జవాబు ఒక్క చోట దొరకకూడదు, రెండు చోట్ల వెతికితేనే తేలాలి. అప్పుడు పిల్లలు పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పడం మొదలెడతారు. వాన పడుతుంటే లెంచో చినుకుల్ని నాణేలతో పోలుస్తాడు, పెద్దవి పది సెంట్లు, చిన్నవి ఐదు అని. చివర్లో నిజం డబ్బు లెక్కపెట్టి కోప్పడతాడు. ఈ రెండింటినీ కలిపి ప్రశ్న వేసిన పిల్లకి నేనైతే చప్పట్లు కొట్టిస్తాను. అలాంటి ప్రశ్నకి గైడు పనికిరాదు.

మూడో రకం, పాఠంలో జవాబు ఉండదు, కానీ మనం చెప్పే జవాబుని పాఠం కాదనకూడదు. మీ డైరీ ప్రశ్న ఆ రకమే. లెంచో రెండో ఉత్తరం పెట్టెలో పడగానే పోస్టుమాస్టరు వెళ్ళి తెరుస్తాడు, అందులో ఏముందో మనకి చూపించి కథ ఆగిపోతుంది. ఆయన మొహం ఎలా మారిందో రచయిత చెప్పలేదు. పేపరు అడిగేది సరిగ్గా ఆ ఖాళీని. దాన్ని నింపాలంటే ఆయన గురించి పాఠంలో ఉన్నదంతా ముందు ఏరాలి: మొదటి ఉత్తరం చూసి నవ్వాడు, వెంటనే ఆ నమ్మకానికి కదిలిపోయాడు, తన జీతంలో కొంత ఇచ్చాడు, సిబ్బందిని, స్నేహితుల్ని అడిగి పోగుచేశాడు, లెంచో కవరు అందుకుంటుంటే లోపల్నుంచి తృప్తిగా చూశాడు. ఇవన్నీ వేలు పెట్టి చూపించగలిగేవే. అవి ఏరిన పిల్లాడికి "ఇంత చేస్తే ఆఖరికి దొంగలమన్నాడా" అనే వాక్యం దానంతటదే వస్తుంది. డైరీ అంటే ఆ వాక్యమే. తేదీ, టైము పెట్టడం ఒక్క రోజులో నేర్పొచ్చు.

ప్రతి జవాబుకీ మీరు అడగాల్సింది ఒక్కటే, "నీకెలా తెలుసు?" కోపంగా కాదు, కుతూహలంగా. మీరు లెక్కల టీచరు కాబట్టి ఇది మీకు బాగా వచ్చు. స్టెప్పు చూపించమంటారు కదా, అదే.

పద్యాలకి కూడా ఇంతే. 'ఫాగ్' అని సాండ్‌బర్గ్ రాసిన చిన్న పద్యం ఉంది, 1916 నాటి పుస్తకంలోది. పొగమంచు, పిల్లి పాదాలతో వచ్చి, ఓడరేవునీ ఊరినీ చూస్తూ కూర్చుని, లేచి పోతుంది. విశాఖలో పుట్టిన పిల్లలకి ఈ పద్యాన్ని గైడు పెట్టి చెప్పడం నాకు మహా చిరాకు. చలికాలం పొద్దున్నే ఫిషింగ్ హార్బరు దగ్గర నిలబడి డాల్ఫిన్ నోస్ కొండ కనపడని రోజు చూసిన పిల్లలు మీ గదిలోనే ఉంటారు, అడగండి. తర్వాత ప్రశ్నలు వేయమనండి. కుక్క ఎందుకు కాదు, పిల్లే ఎందుకు? వచ్చినప్పుడు చప్పుడైందా? ఉండిపోతుందా, పోతుందా, ఏ మాట చెప్తోంది? మెటఫర్ (రూపకం) అన్న పేరు చివర్లో చెప్పండి. ముందే చెప్తే ఆ పేరు రాసేసి ఇంక ఆలోచించరు.

గ్రామరు సంగతి. మన పిల్లలు రిపోర్టెడ్ స్పీచ్‌లో తప్పేది తెలివి లేక కాదు, తెలుగు వచ్చు కాబట్టి. "రవి రేపు వస్తానన్నాడు" అంటాం. అన్నది రవి అయినా 'వస్తాను' అన్న రూపం మారదు, 'రేపు' మారదు. ఇంగ్లిష్‌లో మూడూ మారాలి: 'ఐ' పోయి 'హి', 'విల్' పోయి 'వుడ్', 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే'. పిల్లలు ఒకటి మార్చి రెండు వదిలేస్తారు. కాబట్టి మార్చే ముందే ఎవరు, ఎప్పుడు, ఏ క్రియ అని మూడు చోట్ల గీత గీయించండి. వాక్యాలు పుస్తకంలోవి వద్దు. నిన్న ఇంట్లో అమ్మ ఏమంది, బస్సులో కండక్టరు ఏమన్నాడు, అవి రాయమనండి.

ఎ, యాన్‌లకి ఒక కిటుకు ఉంది. ఆ ఇంగ్లిష్ మాటని పలికినట్టుగా తెలుగులో రాయమనండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. 'అవర్' (గంట), 'ఎమ్మెల్యే', 'ఆనెస్ట్' అచ్చులు, కాబట్టి యాన్. 'యూనివర్సిటీ', 'వన్ రుపీ' హల్లులు, కాబట్టి ఎ. ఇంగ్లిష్ స్పెల్లింగు చూస్తేనే మోసపోతారు. అయితే ఎగ్‌ని 'యెగ్' అనే అలవాటు మన వైపు ఉంది, అదొక్కటి చూసుకోండి.

వర్క్‌షీట్ ఎప్పుడూ ఒకే రకంతో ఇవ్వకండి. పైన శీర్షిక 'ప్యాసివ్ వాయిస్' అని ఉంటే పిల్లాడు వాక్యం చదవడు, శీర్షిక చదువుతాడు.

తెలుగులో చెప్తే తప్పా అన్నారు. చర్చ తెలుగులో చేయండి, నిస్సంకోచంగా. కాగితం మీద పడేది మాత్రం ఇంగ్లిష్. జవాబు మొదటి సగం ప్రశ్నలోని మాటలతోనే మొదలెట్టించండి, రెండో సగం వాళ్ళ సొంతం.


ఆటో నాన్న, మల్కాపురం:

మాస్టారూ, దండం. మా గుంటడు కూడా టెన్తే. నాకు ఇంగ్లిష్ రాదు, సిందియా నుంచి జగదాంబ ఆటో తోల్తాను. మీరు చెప్పింది చదివితే బాగానే ఉంది. మావోడి స్కూల్లో మాత్రం ఇలగ కాదు, మెటీరియల్ అని ఇంత లావు పుస్తకం ఇచ్చి అప్పజెప్పించుకుంటారు. రూటు బట్టీ పట్టినోడికి ఆ రోడ్డు తవ్వేసి ఉంటే ఏటి చేస్తాడు, అక్కడే ఆపీసి కూర్చుంటాడు. మావోడూ అలగే.

నా డౌటు ఏటంటే, ఇలగ ప్రశ్నలాట ఆడుతుంటే సిలబస్ అవుతాదా? రెండోది, ఇంగ్లిష్ రాని నాలాంటోడు ఇంటికాడ ఏమైనా చెయ్యొచ్చా, లేకపోతే టీవీ ఆపీడం ఒక్కటేనా?


సీబీఎస్‌ఈ పిల్లాడి అమ్మ, ఎంవీపీ కాలనీ:

మేడం, మీ దగ్గర సీబీఎస్‌ఈ పిల్లలు కూడా ఉన్నారన్నారు కాబట్టి పేపరు లెక్క చెప్తాను. రాతపరీక్ష 80, స్కూల్లో ఇంటర్నల్ 20. ఆ 80లో రీడింగ్ 20, రైటింగ్, గ్రామరు కలిపి 20, లిటరేచర్ 40. అంటే సగం మార్కులు పాఠాలవే. వాటిలో ఎక్స్‌ట్రాక్టులకి, అంటే పాఠంలోంచి ఒక ముక్క ఇచ్చి అడిగే ప్రశ్నలకి 10, మూడు మార్కుల చిన్న జవాబులు ఆరు, ఆరు మార్కుల పెద్దవి రెండు. చిన్నవి 40, 50 మాటల్లో, పెద్దవి 100, 120 మాటల్లో రాయాలి. బోర్డు అకడమిక్ సైట్‌లో ఏటా శాంపిల్ పేపరుతోపాటు మార్కింగ్ స్కీము కూడా పెడతారు. పేపరు కంటే ఆ స్కీము ముందు చదవండి, ఏ పాయింటుకి మార్కు పడుతుందో తెలుస్తుంది.

మాస్టారి పద్ధతి నాకు నచ్చింది గానీ ఒక్క చోట ఒప్పుకోను. టైము పెట్టి రాయడం సంక్రాంతి దాకా ఆపితే కష్టం. మా వాడికి ఆలోచనలకి కొదవ లేదు. 'నెక్లెస్' కథ మీద మూడు మార్కుల ప్రశ్నకి పేజీన్నర రాస్తాడు. మెటిల్డా పార్టీకి వెళ్ళడం, భర్త తుపాకీ కొనుక్కోవడానికి దాచుకున్న 400 ఫ్రాంకులు గౌనుకి ఇచ్చేయడం, 36,000 పెట్టి కొత్త హారం కొనడం, పదేళ్ళ చాకిరీ, ఆఖరికి పాత హారం 500 కూడా చేయదని తెలియడం, అన్నీ వరసగా. అడిగింది ఏమిటి? అరువు తెచ్చుకున్న హారం పోయిందన్న సంగతి, దాన్ని ఇచ్చిన స్నేహితురాలికి ఎందుకు చెప్పలేదు అని. దానికి కావాల్సింది మూడు వాక్యాలు. మేం వారానికోసారి వంటింటి టైమరు పెట్టి ఒక్క చిన్న జవాబు రాయిస్తున్నాం, రాశాక మాటలు లెక్కపెట్టించి, ఎక్కువైనవి వాడి చేతే కొట్టేయిస్తాం. రాయడం కంటే ఆ కొట్టేయడంలోనే ఎక్కువ నేర్చుకుంటున్నాడు.

అనలిటికల్ పేరాకి, అంటే గ్రాఫ్ లాంటిది ఇచ్చి దాని మీద రాయమనే ప్రశ్నకి ఒక ఉపాయం. ఇంట్లో ఉన్న కరెంటు బిల్లులు తీసుకుని యూనిట్లు బార్ గ్రాఫ్ గీయించండి. మేలో ఎందుకు అంత లేచింది, డిసెంబరులో ఎందుకు పడింది, 120 మాటల్లో రాయమనండి. పుస్తకంలో ఇచ్చే ఏదో దేశపు కాఫీ ఎగుమతుల గ్రాఫ్ కంటే ఇది సులువుగా కదులుతుంది.


రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు, కంచరపాలెం:

ఎంవీపీ కాలనీ అమ్మగారి మాటకి ఒప్పుకుంటున్నాను. పూర్తి పేపరు సంక్రాంతి తర్వాత, ఒక్కో చిన్న జవాబు టైము పెట్టి ఇప్పట్నుంచీ. కొట్టేయించడం చాలా మంచి పని.

మల్కాపురం బాబూ, సిలబస్ అవుతుంది. ప్రతి పాఠానికీ ఇంత చేయక్కర్లేదు, నాలుగైదు పాఠాలకి గట్టిగా చేస్తే మిగతావాటికి పిల్లాడే చేసుకుంటాడు. ఇక నువ్వు చేయాల్సింది. రాత్రి భోజనాల దగ్గర "ఇయ్యాల పాఠంలో ఏటి కథ?" అని అడుగు. తెలుగులోనే చెప్పమను. చెప్తుంటే మధ్యలో "ఆడెందుకు అలగ చేశాడు?" అని అడ్డం పడు. నీకు ఇంగ్లిష్ రాదు కాబట్టి వాడు నిన్ను గైడు మాటలతో బుకాయించలేడు, కథ అర్థమైతేనే చెప్పగలడు. ఆ పని నాకంటే నువ్వే బాగా చేస్తావు.

లెంచో పాఠానికి ఇంకోటి కూడా చేయొచ్చు. వడగళ్ళకి లెంచో పంట పోయింది. మనకి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఇప్పుడు టెన్త్ పిల్లలకి అది గుర్తుండదు, మీకు గుర్తుంటుంది. ఆ రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో నువ్వు చెప్పు, వాడు పది వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసుకుని ట్యూషన్‌కి తీసుకెళ్ళాలి. కథనం రాయమన్నా, లెటరు రాయమన్నా వాడి దగ్గర సొంత సరుకు ఉంటుంది.


గాజువాక ట్యూషన్ మేడం:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారూ, మీరు చెప్పినట్టు 'మేడమ్ రైడ్స్ ద బస్' పాఠంతో మొదలెట్టాను. ఎనిమిదేళ్ళ వల్లియమ్మై బస్సెక్కడం కోసం పిప్పర్‌మెంట్లు, బెలూన్లు మానుకుని అరవై పైసలు కూడబెట్టే కథ. మొదట్లో అందరూ అనుకున్నట్టే టికెట్టెంత, బస్సులో ఎవరున్నారు, ఇవే. తర్వాత రెండు చోట్ల వెతకాలన్న షరతు పెట్టాక ఒక పిల్ల వేసిన ప్రశ్న: వెళ్ళేటప్పుడు రోడ్డు మీద పరిగెత్తే ఆవుని చూసి నవ్విన వల్లియమ్మై, వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడటం ఎందుకు మానేసింది? తిరుగుదారిలో అదే ఆవు చచ్చి పడి ఉంటుంది. నా గైడులో ఈ ప్రశ్న లేదు. గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇంగ్లిష్‌లో రాసేసరికి సగం తప్పులే అనుకోండి, కానీ జవాబులు ఒకదానికొకటి పోలికలేదు. ఇంతకుముందు అన్ని పేపర్లూ ఒకేలా ఉండేవి, దిద్దడానికి విసుగొచ్చేది.

తర్వాత వాళ్ళనే 28వ నంబరు బస్సులో సింహాచలం వెళ్ళినట్టు రాసుకురమ్మన్నాను. కండక్టరు డైలాగులు రాసి, వాటినే రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చారు. చిల్లర గొడవలే అన్నీ.

ఇప్పుడు రెండు డౌట్లు. ఒకటి, తప్పులు. పేపరంతా ఎర్రగా అయిపోతోంది, 'డిడ్ నాట్ వెంట్'లు కోకొల్లలు. అన్నీ దిద్దాలా? రెండోది, ఇద్దరు పిల్లలకి ఇంగ్లిష్ చదవడమే రాదు. కూడబలుక్కుని చదువుతారు, లైను చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. వాళ్ళు ఈ ఆటలో పక్కన కూర్చుని చూస్తున్నారు.


రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు, కంచరపాలెం:

ఆ ఆవు ప్రశ్న వేసిన పిల్లకి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండమ్మా. పరీక్షలో పెద్ద ప్రశ్న అడిగేవాళ్ళు కూడా ఆ చోటనే అడుగుతారు.

దిద్దడం గురించి. వారానికి ఒక్క రకం తప్పే దిద్దండి. ఈ వారం 'డిడ్' అనుకుంటే, 'డిడ్' వచ్చిన ప్రతి చోటా పక్క క్రియ కింద గీత పెట్టి వదిలేయండి, మీరు సరిచేయొద్దు. సరైన రూపం పిల్లాడే పైన రాయాలి. మిగతావి కళ్ళకి కనపడుతున్నా పెన్ను పెట్టకండి, అది మనకే కష్టం, వాళ్ళకి కాదు. వచ్చే వారం ఏకవచనం, బహువచనం. ఎర్ర సిరా బదులు పెన్సిలు వాడితే పిల్లలు కాగితం దాచుకోరు.

ఆ ఇద్దరి సంగతి ముఖ్యం. పక్కన కూర్చోబెట్టకండి. చదవడం రానివాడికి ఆలోచించడం రాదని కాదు. పాఠం వేరే పిల్ల బయటికి చదవాలి, వీళ్ళు పుస్తకంలో వేలు జరుపుతూ వినాలి, అంతే. ప్రశ్న మాత్రం అందరికంటే ముందు వీళ్ళని తెలుగులో వేయనివ్వండి. ఆ ప్రశ్నని ఇంగ్లిష్‌లో బోర్డు మీద మీరు రాయండి. తన ప్రశ్న బోర్డు మీద ఉంటే దాన్ని చదవాలనిపిస్తుంది, రోజుకొకటి చొప్పున అవే వాళ్ళ రీడింగ్ పాఠాలు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే సర్కారు వారి పాఠాల యాప్ 'దీక్ష'తో స్కాన్ చేసి చూడండి, ఆడియో ఏదైనా దొరికితే ఇంట్లో వింటారు.

స్టేట్ పేపరులో 35 వస్తే పాసు. ఈ ఇద్దరికీ మీరు ఒక లెటరు, ఒక డైరీ, సొంత మాటల్లో చిన్న వాక్యాలతో గట్టిగా నేర్పించి, వొకాబులరీ బిట్లు చేయిస్తే దాటేస్తారు. వాక్యం ఐదు మాటలు మించొద్దని చెప్పండి. పెద్ద వాక్యాలు మొదలెట్టి మధ్యలో దారి తప్పడమే వీళ్ళ జబ్బు.

ఆదివారం ఖాళీ ఉంటే పెద్ద పిల్లల్ని ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పంపండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగితే నడిచే దూరమే. ఇంగ్లిష్ పేపరు విశాఖ ఎడిషన్‌లో ఒక చిన్న వార్త ఏరుకుని, శీర్షిక వదిలేసి మిగతాది నోటుబుక్కులో ఎక్కించుకు రావాలి. సోమవారం ట్యూషన్‌లో మిగతావాళ్ళు దానికి శీర్షిక పెట్టాలి, మూడు ప్రశ్నలు వేయాలి. ఒక షరతు, ప్రశ్నలో వాడిన ముఖ్యమైన మాట వార్తలో ఉండకూడదు. అక్కడితో మీరు చెప్పిన ఎత్తిరాత జబ్బు చాలావరకు వదులుతుంది, ఎందుకంటే వెతకడానికి ఆ మాట పేరాలో దొరకదు.


ఆటో నాన్న, మల్కాపురం:

మాస్టారూ, రాత్రి అడిగాను. "నీకెందుకు నాన్నా" అన్నాడు ముందు. తర్వాత పోస్టాఫీసోళ్ళ కథ మొత్తం చెప్పీసాడు. మధ్యలో నాకే ఒక డౌటొచ్చింది, ఆ పోస్టుమాస్టరు కవర్లో డబ్బుతోపాటు 'ఇంతే పోగైంది' అని ఒక ముక్క రాసి పెట్టీస్తే గొడవుండేది కాదు కదా అని. మావోడు పుస్తకం తెచ్చి వెతికి, లోపల దేవుడని ఒక్క సంతకమే ఉన్నాదన్నాడు. ఇది ప్రశ్నగా రాసీమన్నాను. ట్యూషన్ మేడం గారూ, మీది గాజువాకలో ఎక్కడో చెప్తే మావోణ్ణి పంపిస్తాను, ఫీజు ఎంత?


గాజువాక ట్యూషన్ మేడం:

అడ్రసు మెసేజ్‌లో పెడుతున్నాను అన్నయ్యా. ఆ ప్రశ్న రాసిన కాగితం పట్టుకుని రమ్మనండి, సోమవారం దానితోనే మొదలెడతాం. ఫీజు సంగతి తర్వాత చూద్దాం.